స్పామ్‌ను పట్టే లెక్క, కొవిడ్‌ను పట్టే లెక్క: ‘99 శాతం కచ్చితత్వం’ వెనక ఏముంది?

క్లుప్తంగా: ఇన్‌బాక్స్‌లోకి వచ్చిన మెయిల్ చెత్తదా కాదా అని తేల్చే లెక్కకీ, మనిషికి జబ్బు ఉందా లేదా అని తేల్చే లెక్కకీ మూలం ఒకటే. రెండింటిలోనూ ‘99 శాతం కచ్చితం’ అనే అంకెను ఒక్కదాన్నే చూస్తే పొరపాటు పడతాం. ఆ అంకె ఎవరి డేటా మీద వచ్చింది, అసలు సమస్య ఎంతమందిలో ఉంది, జరిగే తప్పుల్లో ఏది ఎక్కువ నష్టం అన్నవి తెలిస్తేనే దానికి విలువ.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే రెండు అంశాలు తరచూ కనిపిస్తాయి. ఒకటి స్పామ్ మెయిల్‌నో ఎస్సెమ్మెస్‌నో గుర్తించే ప్రోగ్రామ్. రెండోది ఛాతీ ఎక్స్‌రే చూసి కొవిడ్‌నో న్యుమోనియానో గుర్తించే ప్రోగ్రామ్. రిపోర్టు చివర్లో ఫలితం 97, 98, ఒక్కోసారి 99 శాతం అని ఉంటుంది. అవి చూసినవాళ్లకు సహజంగానే సందేహం వస్తుంది. ఇంత బాగా పట్టేస్తుంటే ఆసుపత్రుల్లో వీటిని ఎందుకు పెట్టడం లేదు? లోన్ మెసేజ్‌లు, కరెంటు కట్ చేస్తామనే మెసేజ్‌లు ఫోన్‌లోకి ఇంకా ఎలా వస్తున్నాయి?

విద్యార్థులు అబద్ధం రాశారని కాదు. చాలావరకు ఆ అంకె నిజంగానే వస్తుంది. అది దేనికి వచ్చిందన్నదే అసలు సంగతి.

ఆసుపత్రి నుంచి ఇన్‌బాక్స్‌కి

స్పామ్ కోసం కనిపెట్టిన పద్ధతిని వైద్యంలోకి తెచ్చారని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే దారి అటు నుంచి ఇటు పడింది.

1970ల్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మైసిన్ అనే ప్రోగ్రామ్ తయారైంది. రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్న రోగికి ఏ యాంటీబయాటిక్ సరిపోతుందో సూచించడం దాని పని. ‘ఇలా ఉంటే అలా చెయ్యి’ అనే నియమాల మీద అది నడిచేది. తర్వాత 1980ల్లో అక్కడే పాత్‌ఫైండర్ వచ్చింది. లింఫ్ గ్రంథి ముక్కను మైక్రోస్కోపులో చూసిన డాక్టరు తనకు కనిపించిన గుర్తులు చెబితే, దాదాపు 60 జబ్బుల్లో ఏది ఎంతవరకు సంభవమో అది లెక్కగట్టేది. నియమాల బదులు సంభావ్యతను వాడటమే ఇందులో కొత్తదనం. దీని మీద పనిచేసిన డేవిడ్ హెకర్‌మన్, ఎరిక్ హార్విట్జ్ ఇద్దరూ అటు వైద్యం, ఇటు కంప్యూటింగ్ రెండూ చదివినవాళ్లు.

ఆ ఇద్దరూ తర్వాత మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో చేరారు. 1998లో మెహ్రాన్ సహామీ, సూజన్ డ్యూమే అనే మరో ఇద్దరితో కలిసి చెత్త మెయిల్‌ను సంభావ్యతతో వడకట్టే పద్ధతి మీద పరిశోధన పత్రం వెలువరించారు. జబ్బు స్థానంలో స్పామ్‌నూ, రోగలక్షణం స్థానంలో మెయిల్‌లోని మాటనూ పెడితే లెక్క అదే. 2002లో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్ ఇదే దారిలో రాసిన వ్యాసంతో ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

లెక్కకు మూలమైన సూత్రం చాలా పాతది. ఇంగ్లండ్‌లోని మతబోధకుడు థామస్ బేస్ రాసుకున్న కాగితాలను, ఆయన పోయాక 1763లో స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ అచ్చు వేయించాడు. స్పామ్ మాత్రం ఆ లెక్క కంటే రెండు శతాబ్దాలు చిన్నది. 1978 మే 3న ఒక కంప్యూటర్ కంపెనీ అమ్మకాల ఉద్యోగి, ఇంటర్నెట్‌కు తొలి రూపమైన అర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. మొదటి స్పామ్‌గా చెప్పుకొనేది దాన్నే.

ఒక మెసేజ్‌ని విప్పి చూస్తే

ఫిల్టర్ ఏం చేస్తుందో తెలియాలంటే చిన్న లెక్క వేసి చూడటమే మంచి దారి. ఒకరి దగ్గర పాత మెసేజ్‌లు 1,000 ఉన్నాయనుకుందాం. అందులో 400 స్పామ్, 600 మంచివి అని ముందే విడదీసి పెట్టారు. ‘లోన్’ అనే మాట స్పామ్‌లో 120 చోట్ల, మంచి మెసేజ్‌లలో 6 చోట్ల ఉంది. ఇప్పుడు ‘లోన్’ ఉన్న కొత్త మెసేజ్ వచ్చింది. పాత వాటిలో ఆ మాట ఉన్నవి మొత్తం 126, వాటిలో స్పామ్ 120. అంటే ఇది స్పామ్ అయ్యే అవకాశం సుమారు 95 శాతం.

అదే మెసేజ్‌లో ‘మీటింగ్’ అనే మాట కూడా ఉంది. అది స్పామ్‌లో 2 శాతం, మంచి మెసేజ్‌లలో 10 శాతం చోట్ల వస్తుందనుకుంటే, స్పామ్ వైపు మొగ్గు ఐదో వంతుకు పడిపోతుంది. అంతకుముందు 120కి 6, అంటే 20కి 1గా ఉన్న పందెం 4కి 1 అవుతుంది. అంటే 80 శాతం. కో ఆపరేటివ్ బ్యాంకులో పనిచేసే మనిషికి ‘రేపు లోన్ కమిటీ మీటింగ్’ అని తోటి ఉద్యోగి పంపిన మెసేజ్ స్పామ్‌లో పడే అవకాశాన్ని తగ్గించేది ఈ రెండో మాటే.

ఇలా ఒక్కో మాటా మొగ్గును అటో ఇటో జరుపుతూ పోతుంది. మాటలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదని అనుకుని లెక్క సాగుతుంది. అది నిజం కాదు. ‘లోన్’ వచ్చినచోట ‘ఈఎంఐ’ కూడా వస్తుంది. అయినా తుది తీర్పు చాలాసార్లు సరిగానే ఉంటుంది, ఎందుకంటే ఫిల్టర్‌కి కావలసింది ఏ వైపు ఎక్కువో తెలియడమే, ఎంత ఎక్కువో సరిగ్గా తెలియకపోయినా పని జరుగుతుంది. మాటలే కాకుండా ఇతర గుర్తులూ పనికొస్తాయని 1998 నాటి పత్రమే చూపింది. సబ్జెక్టులో ఆశ్చర్యార్థకాలూ డాలర్ గుర్తులూ ఎన్ని ఉన్నాయి, మెయిల్ రాత్రి వచ్చిందా, విద్యాసంస్థ చిరునామా నుంచి వచ్చిందా అన్నవి అందులో చేర్చారు.

మాటకు బదులు లక్షణం

2020 మేలో నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. బ్రిటన్, అమెరికాల్లో ఫోన్ యాప్ ద్వారా లక్షలమంది రోజూ తమ ఒంట్లో ఎలా ఉందో నమోదు చేసేవారు. పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లలో సుమారు 65 శాతం మంది వాసన, రుచి తెలియడం లేదన్నారు. నెగెటివ్ వచ్చినవాళ్లలో అలా చెప్పింది సుమారు 22 శాతం. మెసేజ్‌లో ‘లోన్’ చేసిన పనే ఇక్కడ ‘వాసన లేదు’ చేస్తుంది, కాకపోతే బలం తక్కువ. మొగ్గు మూడింతలే పెరుగుతుంది.

మూడింతలంటే ఎంత? పరీక్షకు వచ్చిన వందమందిలో పదిమందికి కొవిడ్ ఉండే రోజుల్లో, వాసన పోయిందన్న మనిషికి అది ఉండే అవకాశం 10 నుంచి 25 శాతానికి పెరుగుతుంది. వందలో ఒక్కరికే ఉండే రోజుల్లో అదే లక్షణంతో 3 శాతం దాటదు. లక్షణం మారలేదు, మనిషీ మారలేదు. ఊళ్లో జబ్బు ఎంత ఉందన్నదే మారింది. ఏ ప్రోగ్రామ్‌కైనా, ఏ టెస్టు కిట్‌కైనా వచ్చే శాతాన్ని చదివేటప్పుడు జనం ఎక్కువగా మరిచిపోయేది ఈ మొదటి అంకెనే.

10,000 మంది ఉన్న వార్డు

ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షను తీసుకుంటే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 2020 జూన్‌లో ఐసీఎంఆర్ మొదటి యాంటిజెన్ కిట్‌ను అనుమతించినప్పుడు దాని పనితీరు అంకెలు కూడా ఇచ్చింది. జబ్బు ఉన్నవాళ్లను పట్టడం 50.6 నుంచి 84 శాతం. లేనివాళ్లకు లేదని చెప్పడం 99.3 నుంచి 100 శాతం.

కృష్ణలంకలోనో గుంటూరు పాత బస్తీలోనో 10,000 మందికి ఈ పరీక్ష చేశారనుకుందాం. పట్టే శక్తి 60 శాతం అనీ, లేనివాళ్లకు లేదనడం 99.3 శాతం అనీ తీసుకుందాం. అలల మధ్య విరామంలో వైరస్ 1 శాతం మందికి, అంటే 100 మందికి ఉంది. వాళ్లలో 60 మంది దొరుకుతారు. మిగతా 9,900 మంది ఆరోగ్యవంతుల్లో 0.7 శాతం, అంటే సుమారు 69 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. మొత్తం 129 పాజిటివ్‌లలో నిజమైనవి సగం కంటే తక్కువ.

ఇదే వార్డులో అల ఎగసిపడుతూ 20 శాతం మందికి వైరస్ ఉంటే? 2,000 మందిలో 1,200 మంది దొరుకుతారు. తప్పుడు పాజిటివ్‌లు 56. ఇప్పుడు పాజిటివ్ వచ్చినవాళ్లలో 95 శాతానికి పైగా నిజంగా జబ్బున్నవాళ్లే. అదే కిట్, అదే వార్డు.

ఇక ‘కచ్చితత్వం’ సంగతి. మొదటి సందర్భంలో సరైన ఫలితాలు మొత్తం 9,891. అంటే కచ్చితత్వం 98.9 శాతం. రెండో సందర్భంలో అది 91.4 శాతమే. పాజిటివ్‌ను నమ్మలేని రోజున కచ్చితత్వం ఎక్కువగా ఉంది, నమ్మదగిన రోజున తక్కువగా ఉంది. అంతేకాదు, 1 శాతం మందికే జబ్బు ఉన్నప్పుడు పరీక్షే చేయకుండా అందరికీ ‘మీకేం లేదు’ అని చెప్పినా 99 శాతం కచ్చితత్వం వస్తుంది. ఒక్క రోగీ దొరకడు, అంకె మాత్రం కిట్ కంటే మెరుగ్గా ఉంటుంది. కచ్చితత్వం ఒక్కటే చెప్పి ఊరుకున్న ఏ ఫలితాన్నీ అలాగే ఒప్పుకోకూడదనడానికి ఇదే కారణం.

కొవిడ్ తొలినాళ్లలో కిట్ల కొరత ఉన్నప్పుడు అయిదుగురి నమూనాలను కలిపి ఒకే ఆర్టీపీసీఆర్ చేసే పద్ధతిని 2020 ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ సూచించింది. అది కూడా ఈ మొదటి అంకె మీదే ఆధారపడింది. 1 శాతం మందికి వైరస్ ఉన్నచోట 1,000 మందికి సగటున 250 పరీక్షలు సరిపోతాయి. 20 శాతం ఉన్నచోట దాదాపు ప్రతి మూడు గుంపుల్లో రెండు పాజిటివ్ వస్తాయి, వాటన్నిటినీ మళ్లీ విడివిడిగా చేయాలి, పరీక్షల సంఖ్య 870 దాటుతుంది. అందుకే ముఖ్యంగా పాజిటివిటీ 2 శాతం లోపు ఉన్న ప్రాంతాలకు ఈ పద్ధతిని సిఫార్సు చేశారు. 2021 మేలో రాష్ట్రంలో రోజుకు 20,000కు పైగా కేసులు వచ్చిన దశలో దీనివల్ల పెద్ద ఉపయోగం ఉండదు. నమూనాలను గుంపులుగా కలిపే ఆలోచన రాబర్ట్ డార్ఫ్‌మన్ అనే ఆర్థికవేత్తది, 1943 నాటిది. అమెరికా సైన్యంలో చేరేవాళ్లకు సిఫిలిస్ పరీక్షల కోసం దాన్ని ప్రతిపాదించాడు.

ఏ తప్పు ఎక్కువ నష్టం?

ఫిల్టర్ రెండు రకాలుగా తప్పుతుంది. స్పామ్‌ను ఇన్‌బాక్స్‌లోకి వదలొచ్చు, మంచి మెయిల్‌ను స్పామ్‌లోకి నెట్టొచ్చు. మొదటిదాంతో చిరాకు. రెండోదాంతో ఇంటర్వ్యూ పిలుపో, ల్యాబ్ రిపోర్టో కనిపించకుండా పోతుంది. 1998 పరిశోధకులు అందుకే గీతను చాలా ఎత్తున గీశారు. 99.9 శాతం స్పామే అనిపిస్తే తప్ప పక్కన పడేయకూడదన్నారు. పైన లెక్కలో 95 శాతం వచ్చిన మెసేజ్ కూడా ఆ గీత ప్రకారం ఇన్‌బాక్స్‌కే వెళ్తుంది.

గుంటూరు మిర్చియార్డులో తాలుకాయలు ఏరేవాళ్లకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. మరీ గట్టిగా ఏరితే మంచికాయ తాలులో కలిసి రైతు నష్టపోతాడు, చూసీ చూడనట్టు ఏరితే లాట్ మొత్తానికి ధర పడిపోతుంది. రెండు నష్టాలూ ఒకేసారి సున్నా కావు. ఒకటి తగ్గిస్తే రెండోది పెరుగుతుంది.

మహమ్మారిలో గీత కిందికి దిగుతుంది. జబ్బున్న మనిషిని లేదని పంపేస్తే ఇంట్లోవాళ్లకూ, పనిచేసే చోటా అంటిస్తాడు. ఆరోగ్యవంతుణ్ని ఉందని పొరబడితే కొన్నాళ్ల ఐసొలేషన్, కూలి నష్టం, ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఇది చిన్న నష్టం కాదు, రోజుకూలీకి అసలే కాదు. అయినా మొదటిదాంతో పోలిస్తే సరిదిద్దుకోగలిగినది. లక్షణాలుండి యాంటిజెన్‌లో నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ తప్పనిసరి అని ఐసీఎంఆర్ చెప్పడం వెనక ఉన్న తర్కం ఇదే. పై వార్డు లెక్కలో 20 శాతం రోజున 800 మంది రోగులు చేతిలో నెగెటివ్ కాగితంతో ఇంటికి వెళ్తారు. రెండో పరీక్ష వాళ్ల కోసమే.

గీతను ఎక్కడ గీయాలో కంప్యూటర్ చెప్పదు. అది వైద్యులూ అధికారులూ తీసుకోవలసిన నిర్ణయం. ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ నిర్ణయం ఎవరిదో రాయరు. సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉండే 50 శాతం గీతే అలా ఉండిపోతుంది.

జార్జ్ పేరు నేర్చుకున్న ఫిల్టర్

99 శాతానికి మరో పెద్ద కారణం డేటా. స్పామ్ మీద నేర్చుకునేవాళ్లు చాలాకాలంగా వాడుతున్న స్పామ్‌బేస్ అనే సంకలనం ఉంది. 1999లో హ్యూలెట్ ప్యాకార్డ్ పరిశోధకులు ఇచ్చినది, అందులో 4,601 మెయిళ్ల లెక్కలున్నాయి. మంచి మెయిళ్లు ఆ సంస్థలో పనిచేసేవాళ్ల సొంత పెట్టెల్లోంచి వచ్చాయి. అందువల్ల ‘జార్జ్’ అనే పేరు, 650 అనే కాలిఫోర్నియా ఫోన్ కోడ్ ఉంటే అది మంచి మెయిల్ అని ప్రోగ్రామ్ నేర్చుకుంటుంది. సంకలనం ఇచ్చినవాళ్లే ఈ విషయాన్ని వివరణలో రాశారు. ఆ పేరు వల్ల పెరిగే కచ్చితత్వం తెనాలిలోని మెయిల్‌కి ఎందుకూ పనికిరాదు.

ఎస్సెమ్మెస్ ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించే సంకలనంలో 5,574 మెసేజ్‌లు ఉంటాయి. స్పామ్ 747. ఏ మెసేజ్ వచ్చినా మంచిదేనని చెప్పే ప్రోగ్రామ్‌కి కూడా దాని మీద 86.6 శాతం వచ్చేస్తుంది. అందులో మంచి మెసేజ్‌లు చాలావరకు సింగపూర్ విద్యార్థులవి, స్పామ్ బ్రిటన్‌ది. కాబట్టి ప్రోగ్రామ్ స్పామ్‌ను గుర్తుపడుతోందా, సింగపూర్ ఇంగ్లిష్‌కీ బ్రిటన్ ఇంగ్లిష్‌కీ తేడా గుర్తుపడుతోందా అన్నది ఆ శాతం చెప్పదు.

ఎక్స్‌రేల దగ్గర ఇదే లోపం చాలా తీవ్రంగా బయటపడింది. 2020లో కొవిడ్ ఎక్స్‌రేలు, సీటీలు చూసి చెప్పే ప్రోగ్రామ్‌ల మీద వచ్చిన 2,212 పత్రాలను కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో ఒక బృందం జల్లెడ పట్టింది. కనీస నాణ్యత ఉన్నవి 62 మిగిలాయి. వాటిలో ఆసుపత్రిలో వాడదగినది ఒక్కటీ లేదని 2021లో తేల్చింది.

కారణాల్లో ఒకటి చూస్తే మిగతావి ఊహించొచ్చు. కొవిడ్ లేనివాళ్ల ఎక్స్‌రేలు కావాలని చాలామంది ఇంటర్నెట్‌లో దొరికే ఒక న్యుమోనియా సంకలనం తీసుకున్నారు. అది చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 1 నుంచి 5 ఏళ్ల పిల్లలది. కొవిడ్ ఎక్స్‌రేలేమో పెద్దవాళ్లవి. పసిపిల్లల పక్కటెముకలకూ పెద్దవాళ్ల పక్కటెముకలకూ తేడా పట్టినా ప్రోగ్రామ్‌కి మంచి మార్కులే పడతాయి. కొవిడ్ గురించి అది ఏమీ నేర్చుకోకపోవచ్చు. ఇంకొన్నిచోట్ల ఒకే ఎక్స్‌రే రెండు సంకలనాల్లో ఉండి, నేర్పడానికీ పరీక్షించడానికీ అదే వాడేశారు. మరికొన్నిచోట్ల నడవలేని రోగులకు పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలనూ, నిలబెట్టి తీసిన వాటినీ వేరుచేయడమే ‘జబ్బు తీవ్రత’గా లెక్కలోకి వచ్చింది.

ఎదుటివాడు మారుతూనే ఉంటాడు

సరైన డేటాతో నేర్పినా పని అయిపోదు. స్పామ్ పంపేవాళ్లు ఫిల్టర్‌ను చూసి మారతారు. ‘లోన్’ పట్టుబడుతోందని తెలిస్తే అక్షరాల మధ్య చుక్కలు పెడతారు, మాటల్ని బొమ్మగా పంపుతారు, చివర్లో నాలుగు మంచి వాక్యాలు అతికిస్తారు. పైన ‘మీటింగ్’ చేసిన సాయాన్ని వాళ్లూ వాడుకుంటారు.

వైరస్‌కు ఆలోచన లేదు, కానీ తప్పించుకున్న రకాలే మిగిలి పెరుగుతాయి కాబట్టి ఫలితం అలాగే ఉంటుంది. ఆల్ఫాలోనూ, ఒమిక్రాన్ తొలి రకంలోనూ స్పైక్ (ఎస్) జన్యువులో చిన్న ముక్క ఊడిపోయింది. ఆ ముక్కను వెతికే ఆర్టీపీసీఆర్ కిట్లలో ఎస్ జన్యువు కనిపించకుండా పోయింది. అదొక్కటే చూసే కిట్ అయితే రోగికి నెగెటివ్ వచ్చేది. మూడు జన్యువులను చూసే కిట్ కాబట్టి మిగతా రెండూ పట్టుకున్నాయి. పైగా ‘రెండు ఉన్నాయి, ఎస్ లేదు’ అన్నదే కొత్త రకం వచ్చిందనడానికి తొలి సూచనగా ఉపయోగపడింది. ఒక్క మాట మీద నిలబడిన ఫిల్టర్‌కీ, ఒక్క జన్యువు మీద నిలబడిన పరీక్షకీ ఉన్న బలహీనత ఒకటే.

హెకర్‌మన్ బృందం ఈ పోలికనే హెచ్ఐవీ పరిశోధనలోకి తీసుకెళ్లింది. స్పామ్ పంపేవాడు మాటలెన్ని మార్చినా చివరికి డబ్బు తన చేతికి రావాలి, ఆ భాగాన్ని మార్చలేడు. అలాగే వైరస్ మార్చుకుంటే తానే దెబ్బతినే భాగాలు కొన్ని ఉంటాయి. రోగనిరోధక శక్తి దాడిని అక్కడ కేంద్రీకరించే మార్గం వెతకడం వాళ్ల ఉద్దేశం. హెచ్ఐవీకి టీకా ఇంకా రాలేదు, అయితే వైరస్‌లో ఏ మార్పు ఏ రోగి శరీరం ఒత్తిడి వల్ల వచ్చిందో లెక్కగట్టే పద్ధతులు ఆ పనిలోంచే వచ్చాయి.

మహమ్మారి స్పామ్‌నూ మార్చేసింది. ‘కరోనా’, ‘మాస్క్’, ‘టీకా’ అనే మాటలు 2020 మార్చిలో స్కూళ్ల నుంచీ బ్యాంకుల నుంచీ కలెక్టరేట్ల నుంచీ వచ్చే మంచి సందేశాల్లోనూ, మోసాల్లోనూ ఒకేసారి నిండిపోయాయి. ఆ ఏప్రిల్‌లో జీమెయిల్ రోజుకు 1.8 కోట్ల కొవిడ్ పేరుతో వచ్చే మాల్‌వేర్, ఫిషింగ్ మెయిళ్లనూ, అవి కాక 24 కోట్లకు పైగా కొవిడ్ స్పామ్‌నూ చూస్తున్నట్టు గూగుల్ ప్రకటించింది. మన దగ్గర పీఎం కేర్స్ నిధికి విరాళాలు పంపే యూపీఐ ఐడీకి నకిలీలు పుట్టుకొచ్చాయి. ఒకదానికీ అసలుదానికీ తేడా ఇంగ్లిష్‌లో చివరి ఒక్క అక్షరమే. 2021 మేలో కొవిన్ రిజిస్ట్రేషన్ పేరుతో నకిలీ యాప్ లింకులు ఎస్సెమ్మెస్‌ల్లో తిరుగుతున్నాయని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్ ఇన్ హెచ్చరించింది. స్లాట్ కోసం గంటల తరబడి ఫోన్ పట్టుకుని కూర్చున్న కుటుంబాలకు ఆ లింకు ఎంత నమ్మకంగా కనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఇలాంటి చోట మాటల లెక్క ఒక్కటే చాలదు, పంపినవాడెవరో తేల్చాలి. మెయిల్‌లో ఆ పని ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే తనిఖీలు చేస్తాయి. ఎస్సెమ్మెస్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం వ్యాపార సంస్థలు పంపేవారి పేరునూ మెసేజ్ నమూనానూ ముందే నమోదు చేసుకోవాలి. 2025 నుంచి ఆ పేరు చివర ప్రకటనైతే పీ, సేవకు సంబంధించినదైతే ఎస్, లావాదేవీ అయితే టీ, ప్రభుత్వానిదైతే జీ అనే అక్షరం కనిపిస్తోంది. కరెంటు కట్ చేస్తామంటూ మామూలు పదంకెల నంబరు నుంచి వచ్చే మెసేజ్‌ను పట్టడానికి ఏ ఏఐ అక్కర్లేదు, పంపినవారి చోట ఆ నంబరు ఉండటమే చాలు.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి

పై సంకలనాలన్నీ ఇంగ్లిష్‌వి. తెలుగులో మాట కుదురుగా ఒకేచోట ఉండదు. ఖాతా, ఖాతాలో, ఖాతాకు, ఖాతాలోకి, ఖాతాలోంచి అని విభక్తులు అంటుకుపోతాయి. మాటల్ని యథాతథంగా లెక్కపెట్టే ఫిల్టర్‌కి ఇవన్నీ వేర్వేరు మాటలు, ఒక్కోదానికీ ఆధారం పలచబడిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగైతే స్పెల్లింగు మనిషికొక రకం. ఒకే మెసేజ్‌లో రెండు లిపులూ కలవడం మామూలే. మాటను చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే కొత్త పద్ధతులు ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గిస్తాయి. అయితే ‘ఇది స్పామ్, ఇది కాదు’ అని మనుషులు గుర్తుపెట్టిన తెలుగు మెసేజ్‌లు వేల సంఖ్యలో ఉంటేనే అవి పనిచేస్తాయి. ప్రాజెక్టు బ్యాచ్‌లు ఏటా అదే సింగపూర్ ఫైలుతో మొదలుపెట్టే బదులు, పేర్లూ నంబర్లూ తీసేసిన తెలుగు మెసేజ్‌ల సంకలనాన్ని ఒక బ్యాచ్ మొదలుపెట్టి తర్వాతి బ్యాచ్ పెంచుకుంటూ పోతే, 99 రాకపోయినా వచ్చిన 88కి ఎక్కువ విలువ ఉంటుంది.

ఆరోగ్య డేటాకు మరో చిక్కు ఉంది. ఎక్స్‌రే, ల్యాబ్ రిపోర్టు మనిషి సొంత విషయాలు. వాటిని ఎవరివో తెలియకుండా ఎలా పంచుకోవాలన్న ప్రశ్నకు ఒక జవాబు కూడా చిత్రంగా స్పామ్ పరిశోధకురాలి దగ్గరే దొరుకుతుంది. చెత్త మెయిల్ పంపేవాడికి ఒక్కో మెయిల్‌కీ కొంత కంప్యూటర్ శ్రమ ఖర్చయ్యేలా చేయాలని 1992లో మోనీ నావోర్‌తో కలిసి ప్రతిపాదించిన సింథియా డ్వర్క్, 2006లో మరో ముగ్గురితో కలిసి డిఫరెన్షియల్ ప్రైవసీ అనే పద్ధతిని రూపొందించారు. లెక్కల్లో కావాలనే కొలిచి చిన్న చిన్న తేడాలు కలుపుతారు కాబట్టి మొత్తం ధోరణి తెలిసినా, ఒక మనిషి వివరం బయటపడదు. 2020లో లాక్‌డౌన్ వేళ జనం కదలికలపై గూగుల్ విడుదల చేసిన నివేదికల్లో వాడింది ఈ పద్ధతినే.

ఆసుపత్రిలో పెట్టాలంటే

ఎక్స్‌రే ప్రోగ్రామ్‌లన్నీ పనికిరానివే అనుకోవడం కూడా పొరపాటే. క్షయ విషయంలో కథ వేరు. 15 ఏళ్లు, ఆపై వయసువాళ్ల ఛాతీ ఎక్స్‌రేలను క్షయ కోసం చదవడంలో మనిషికి బదులు సాఫ్ట్‌వేర్‌ను వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫార్సు చేసింది. 2024 డిసెంబరులో దేశంలో మొదలైన వంద రోజుల క్షయ కార్యక్రమంలో చేత్తో పట్టుకెళ్లే ఎక్స్‌రే యంత్రాలు, ఏఐ రెండూ వాడారు. కొవిడ్‌లో కుదరనిది ఇక్కడ ఎలా కుదిరింది? సాఫ్ట్‌వేర్‌ను తయారీదారులు కాకుండా వేరేవాళ్లు, వేర్వేరు దేశాల రోగుల మీద, కఫం పరీక్ష ఫలితంతో పోల్చి చూశారు. అది ‘క్షయ ఉంది’ అని తీర్పు ఇవ్వదు, కఫం పరీక్షకు ఎవరిని పంపాలో మాత్రమే చెబుతుంది. గీతను కూడా ఒకేచోట గీయలేదు. స్థానికంగా క్షయ ఎంత ఉంది, కఫం పరీక్షలు ఎన్ని చేయగలరు అన్నది చూసుకుని ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం నిర్ణయించుకోవాలని సూచించారు.

విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రులకో, మంగళగిరి ఎయిమ్స్‌కో రేపు ఒక కొత్త ప్రోగ్రామ్ తెచ్చినా దారి ఇదే. మొదట అక్కడి యంత్రాల మీద, అక్కడికి వచ్చే రోగుల పాత ఎక్స్‌రేలతో చూడాలి. తర్వాత కొన్ని నెలలపాటు దాని జవాబు డాక్టరుకు చూపకుండా పక్కన నమోదు చేసి, చివరికి తేలిన జబ్బుతో పోల్చాలి. ఎంతమంది రోగులు దాని కళ్లుగప్పారు, ఎంతమందిని అనవసరంగా పరీక్షలకు పంపింది, మిర్చి ఘాటుకీ పత్తి దుమ్ముకీ ఏళ్ల తరబడి దగ్గుతున్న కూలీల ఎక్స్‌రేల్లో ఎలా చేసింది, పిల్లల్లో ఎలా చేసింది అన్నవి విడివిడిగా బయటపెట్టాలి. కొత్త యంత్రం వచ్చినప్పుడూ, కొత్త జబ్బు వ్యాపించినప్పుడూ ఆ లెక్కను మళ్లీ మొదటి నుంచి వేయాలి.